అన్ని శైలులూ నేర్పే విడి పాఠాల్లో చేరాను, పై షడ్జం దగ్గర గొంతు బిగుసుకుపోతోంది

ఆలస్యంగా_ఆలాపన
ముప్పై అయిదేళ్లు దాటాక పాట నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎనిమిది నెలలుగా ఒక ఉపాధ్యాయురాలి దగ్గర వారానికి రెండుసార్లు, ఒక్కో పాఠం నలభై అయిదు నిమిషాల చొప్పున, విడిగా చెప్పించుకుంటున్నాను. కర్ణాటక సంగీతం, లలిత సంగీతం, సినిమా పాటలు, పాశ్చాత్య గానం, అన్నీ అన్ని స్థాయిలవారికీ నేర్పుతానని ఆవిడ చెప్పబట్టే చేరాను, ఎందుకంటే నాకు ఏది కావాలో నాకే స్పష్టంగా తెలియదు. సోమవారం కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు, గురువారం సినిమా పాట లేదా ఇంగ్లీషు పాట. ఆవిడ ఓపికకు వంక పెట్టలేను, స్వరజ్ఞానానికి అసలే పెట్టలేను. అయినా పై షడ్జం, అంటే సరిగమపదని దాటాక వచ్చే పై 'స' దగ్గరికి వచ్చేసరికి ఎవరో నులిమినట్టు నా గొంతు బిగుసుకుపోతుంది, పాఠం ఉన్న రోజు సాయంత్రానికి మాట బొంగురుపోతుంది. అడిగితే "సాధన చాలలేదు" అంటారు. రోజూ గంటసేపు చేస్తూనే ఉన్నాను. ఒకే మనిషి దగ్గర ఇన్ని శైలులు నేర్చుకోవడం వల్ల నా గొంతు ఎటూ కాకుండా పోతోందా, లేక నాకు అసలు గొంతే లేదా?

నాలుగో_కాలం
రెండు పడవల మీద కాళ్లు పెట్టారు, అందుకే మునుగుతున్నారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, తడబడకుండా వచ్చేవరకు వేరే పాట జోలికి పోకూడదు. మొదటి పాఠాలకు మాయామాళవగౌళను ఎంచుకోవడంలోనే పెద్దల తెలివి ఉంది. ఆ రాగంలో సరిగమలు ఎంతెంత ఎడంగా ఉంటాయో పదనిసలు కూడా అంతంత ఎడంగానే ఉంటాయి, కాబట్టి చెవి సగం నేర్చుకుంటే తక్కిన సగం దానంతట అదే వస్తుంది. సోమవారం కట్టిన గోడను మీరు గురువారం కూలగొట్టుకుంటున్నారు.

పాతపాటల_పిచ్చి
పై మాటతో నేను ఏకీభవించను. బాలు గారు శాస్త్రీయ సంగీతాన్ని పద్ధతిగా నేర్చుకోకుండానే 'శంకరాభరణం' పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారు. ఏ అలంకారాలు మూడు కాలాల్లో పాడితే ఆ గొంతు వచ్చింది? పాడాలనుకున్న పాటను పాడుతూ నేర్చుకోవడమే సరైన దారి, మిగిలినదంతా కాలయాపన.

చెవి_కోసుకుంటాను
ఈ వేదికలో పాట నేర్చుకోవడం గురించి ఏ చర్చ మొదలైనా మూడో సమాధానంలోపే బాలు గారు వస్తారని నేను ఎప్పుడో పందెం కాశాను. ఆయనకు పద్ధతైన శిక్షణ లేదన్నది నిజమే. అయితే పాట పాటకూ సంగీత దర్శకుల ముందు కూర్చుని, పంక్తి పంక్తినీ వారు పాడి వినిపిస్తుంటే పట్టుకుని, తప్పు పాడితే వెంటనే దిద్దుకుని దశాబ్దాలు గడపడాన్ని మీరు ఏమంటారు? నేను దాన్ని విడి పాఠమనే అంటాను, అంతకన్నా కఠినమైన విడి పాఠం మరొకటి లేదు కూడా. మనలో ఎవరికీ ఆ వసతి లేదు గనుక ఆయనను ఉదాహరణగా చూపించి ఈవిడకు సాధన మానిపించకండి.

రెండు_గూళ్ల_కోయిల
నేను పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాక పాశ్చాత్య గానం కోసం మరొకరి దగ్గర చేరాను, కాబట్టి శైలులు కలిపితే ఏమవుతుందో నా గొంతు మీద చూశాను. అన్ని శైలులకూ వాద్యం ఒక్కటే. ఊపిరిని ఒక్కసారిగా వదిలేయకుండా నిలుపుకోవడం, దవడనూ నాలుక మొదలునూ బిగించకపోవడం, స్వరాన్ని కింది నుంచి తడుముకుంటూ కాకుండా నేరుగా అందుకోవడం, ఇవి ఎక్కడ నేర్చుకున్నా అన్నిచోట్లా పనికివస్తాయి. పోట్లాట మొదలయ్యేది ఆ తరవాతే.

మొదటి నెలలో మా పాశ్చాత్య గురువు నన్ను ఆపిన ప్రతిసారీ చెప్పినది ఒకే మాట, "మీరు ఏ స్వరాన్నీ కదలకుండా నిలపడం లేదు." నాకు గాంధారం (గ) అంటే పైకీ కిందికీ ఊగేదే, ఆ ఊపు లేకపోతే చాలా రాగాలు రాగాలే కావు. వాళ్ల స్వరానికి కూడా కంపం ఉంటుంది గాని అది సెకనుకు అయిదారుసార్లు సన్నగా వచ్చే వణుకు, రాగంతో దానికి సంబంధం లేదు. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి అక్షరాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు, ఇంగ్లీషు మాట చాలావరకు హల్లుతో ముగుస్తుంది కాబట్టి మధ్యలోని అచ్చును సాగదీసి హల్లును ఆఖరి క్షణంలో అంటీ అంటనట్టు వదలాలి. ఇది తెలియక నేను ఇంగ్లీషు పాటలోని ప్రతి మాట చివరా ఒక ఉకారం తగిలించేదాన్ని. మా గురువు ఎంత మర్యాదస్తుడంటే రెండు నెలలదాకా నవ్వకుండా ఆపుకున్నాడు.

అందువల్ల అడిగినావిడకు నేను చెప్పేదేమిటంటే, రెండు శైలులు కలిస్తే చెవి తికమకపడవచ్చు, అలవాట్లు ఒకదానిలోకి ఒకటి జారవచ్చు. గొంతు నులిమినట్టు మాత్రం కాదు. మీ ఇబ్బందికి కారణం వేరే ఎక్కడో ఉంది.

గొంతు_వైద్యం
నేను వాక్ చికిత్స చేసే వృత్తిలో ఉన్నాను. ఏమైనా చెప్పే ముందు మూడు సంగతులు తెలియాలి. మీరు ఏ శ్రుతిలో పాడుతున్నారు, అంటే మీ షడ్జాన్ని ఎంత ఎత్తులో పెట్టుకున్నారు, ఆ శ్రుతిని ఎవరు నిర్ణయించారు? బొంగురు మర్నాడు ఉదయానికి పూర్తిగా తగ్గిపోతోందా, కొంత మిగిలిపోతోందా? ఇంగ్లీషు పాట ఉన్న గురువారం కూడా ఇదే బిగుతు ఉందా, లేక సోమవారమే ఎక్కువా?

నాలుగో_కాలం
శ్రుతిని గురువే నిర్ణయిస్తారు. శిష్యులు ఎవరికి తోచిన శ్రుతి వారు పెట్టుకుంటే ఇక పాఠం ఎందుకు?

ఆలస్యంగా_ఆలాపన
ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఈరోజు పాఠంలో, ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతి పెట్టె మీద చూశాను, ఐదున్నర ఉంది, అంకె పెరిగినకొద్దీ శ్రుతి పైకి వెళ్తుందట. అది ఆవిడ పాడుకునే శ్రుతి. నా ముందు పాఠానికి వచ్చే అమ్మాయికీ అదే, నా తరవాత వచ్చే అబ్బాయికీ అదే. బొంగురు ఉదయానికి తగ్గిపోతుంది. బిగుతు సోమవారమే ఎక్కువ, అయితే సినిమా పాటల్లోనూ చరణం పైకి వెళ్లినప్పుడు ఉంటుంది. వాటిని అసలు పాట ఏ స్థాయిలో ఉంటే ఆ ట్రాక్ పెట్టుకుని పాడుతున్నాను. ఇంగ్లీషు పాటలు కొంచెం కింది స్థాయిలో ఉండటంతో హాయిగా వస్తున్నాయి. అందుకే నాది పాశ్చాత్య గొంతేమో అని కూడా అనుకున్నాను.

చెవి_కోసుకుంటాను
పక్కింటివారి కళ్లజోడు పెట్టుకుని ఎనిమిది నెలలు పుస్తకం చదివి, అక్షరాలు ఆనడం లేదంటే చదువే రాదేమోనని బాధపడ్డట్టుంది.

గొంతు_వైద్యం
పై వ్యాఖ్య వేళాకోళమైనా విషయం దాదాపు అదే. పెద్దవారిలో స్వరతంత్రుల, అంటే గొంతులో కంపించి శబ్దం పుట్టించే మడతల పొడవు స్త్రీలకు సుమారు 12 నుంచి 17 మిల్లీమీటర్లు, పురుషులకు సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇద్దరు స్త్రీల మధ్య కూడా ఎంత తేడా ఉండవచ్చో చూడండి. ఐదున్నర శ్రుతిలో పై షడ్జం పాడాలంటే ఆ తంత్రులు సెకనుకు సుమారు 415 సార్లు కలిసి విడిపోవాలి, నాలుగు శ్రుతిలో అయితే 349 సార్లు చాలు. ఆవిడ గొంతుకు 415 విశ్రాంతి స్థానం కావచ్చు, మీ గొంతుకు అది కొండ అంచు కావచ్చు. చాలామంది స్త్రీలకు మాట్లాడే గొంతు నుంచి తలలో మోగే పలచని గొంతుకు మారే మలుపు సరిగ్గా ఆ చుట్టుపక్కలే వస్తుంది. ఆ మలుపులో కింది గొంతునే బలవంతంగా పైకి తోస్తే మెడ కండరాలు సాయానికి వస్తాయి, మీరు నులిమినట్టు ఉందంటున్నది వాటినే.

మీ శ్రుతిని కనుక్కోవడానికి నేను చెప్పే పద్ధతి సులభమైనది. గొంతు తాజాగా ఉన్న ఒక రోజు, అరవకుండా, మీరు స్పష్టంగా వినిపించేలా పాడగలిగే అన్నింటికన్నా కింది స్వరాన్ని గుర్తించండి. దాన్ని మంద్ర పంచమం, అంటే కింది స్థాయిలోని 'ప' అనుకుని అక్కడి నుంచి షడ్జం లెక్కించండి. ఆ షడ్జంతో పై పంచమం వరకు పాడి చూడండి, మెడ బిగుసుకుంటే అర శ్రుతి దించండి, కింది పంచమం గాలిగా మారితే అర శ్రుతి పెంచండి. ఒక్కరోజుతో తేల్చకుండా వారం రోజులు చూసి నిర్ణయించండి.

బొంగురు ఉదయానికి తగ్గుతోంది కాబట్టి ప్రస్తుతానికి కంగారు పడనవసరం లేదు. అది నాలుగు వారాలు వదలకుండా ఉంటే మాత్రం ఏ సాధనతోనూ సరిచేసుకోవాలని చూడకుండా గొంతు వైద్యులతో లోపల చూపించుకోవాలి. ఈలోపు పాఠానికి ముందు అయిదు నిమిషాలు పెదవులు వదులుగా పెట్టి బుర్రుమని కొట్టుకునేలా స్వరాలు పాడండి, లేదా సన్నని గొట్టంలోకి "ఊ" అంటూ కింది నుంచి పైకి జారండి. నోటి దగ్గర కొంత అడ్డు ఉంటే గాలి వెనక్కి ఒత్తుతుంది, తంత్రులు ఒకదానినొకటి గట్టిగా కొట్టుకోకుండానే మోగుతాయి.

పాతపాటల_పిచ్చి
సినిమా పాటను అసలు స్థాయిలో పాడకపోతే ఆ అందం ఉండదని నా అభిప్రాయం.

చెవి_కోసుకుంటాను
పాడలేని స్థాయిలో పాడితే ఉన్న అందం గురించి మా ఇంట్లోవాళ్లు చెప్పగలరు.

ఇద్దరు_పిల్లల_తల్లి
చర్చ మధ్యలో నా ప్రశ్న దూర్చినందుకు మన్నించండి, విషయం శ్రుతిదే కాబట్టి అడుగుతున్నాను. మా పెద్దవాడికి పదమూడేళ్లు. ఆరేళ్ల నుంచి పాడుతున్నాడు. నిరుడు తొలి పాటలైన గీతాలు పూర్తిచేసి, వాటికన్నా కష్టమైన వర్ణం మొదలుపెట్టాక ఉన్నట్టుండి గొంతు పగిలిపోతోంది. వాడి గురువు పాత శ్రుతే పెట్టి, శ్రద్ధ తగ్గిందని కోప్పడుతున్నారు. వాడు గది తలుపు వేసుకుని పాడటం మానేశాడు. ఈ సమయంలో పాఠాలు ఆపేయాలా?

గొంతు_వైద్యం
ఆపనవసరం లేదు, మార్చాలి. యౌవనంలో మగపిల్లల స్వరపేటిక పెరిగి గొంతు సుమారు ఒక స్థాయి, అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉన్నంత ఎడం, కిందికి దిగుతుంది. దిగడం కూడా మెట్టు మెట్టుగా, ఒక వారం ఒకలా, మరో వారం మరోలా ఉంటుంది. ఆరేళ్లుగా వాడి మెదడు ఎక్కడ ఎంత బిగువు పెట్టాలో నేర్చుకున్న లెక్కలన్నీ ఇప్పుడు తప్పుతున్నాయి, అందులో శ్రద్ధాలోపమేమీ లేదు. కొన్ని నెలలపాటు ఆ వారం ఏ శ్రుతి అందితే ఆ శ్రుతిలో, తక్కువ సేపు, అయిదారు స్వరాల పరిధిలో పాడించి, మిగిలిన సమయాన్ని తాళానికి, స్వరాలు రాసుకోవడానికి, రాగాలు గుర్తుపట్టడానికి వాడుకోమనండి. ఆడపిల్లలకు కూడా ఆ వయసులో గొంతు మారుతుంది, కొద్దిగా మాత్రమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

నాలుగో_కాలం
పిల్లవాడి విషయంలో వైద్యం గారి మాటే సరి. నాకూ ఆ వయసులో ఒక సంవత్సరం పాఠం ఆపించారు. ఆ ఏడాది నేను మృదంగం తరగతి బయట నిలబడి తాళం వేస్తూ గడిపాను, ఈనాటికీ నా బలం లయలోనే ఉంది. పెద్దావిడ విషయంలో మాత్రం నాకు అనుమానం ఇంకా తీరలేదు. శ్రుతి దించడం ఒక్కోసారి సోమరితనానికి దారి అవుతుంది. నాలుగుకు దించినవారు రేపు మూడు అంటారు, ఎల్లుండి మైకు లేనిదే పాడలేమంటారు.

అరవైరెండు
నా అనుభవం ఇక్కడ పనికివస్తుందేమో చూడండి. ఉద్యోగ విరమణ తరవాత మొదలుపెట్టినవాడిని. నేను చేరిన మొదటి చోట కూడా అన్ని స్థాయిలవారికీ నేర్పుతామన్నారు. మొదటి రోజు నాకు ఇచ్చిన నోటు పుస్తకం, నా ముందు పాఠం ముగించుకుని వెళ్లిన ఎనిమిదేళ్ల పాపకు ఇచ్చిన పుస్తకం ఒకటే, దానిలో సూర్యుడి బొమ్మకు రంగు వేసే పేజీ కూడా ఉంది. నేను వేశాను కూడా, అది వేరే సంగతి. మూడు నెలల తరవాత తేలినదేమిటంటే వాళ్లు చెప్పిన అన్ని స్థాయిలంటే అన్ని వయసులవారినీ చేర్చుకుంటారని మాత్రమే అర్థం.

ఇప్పటి గురువు మొదటి పాఠంలో నాకు ఏమీ నేర్పలేదు. నాకు నచ్చిన పాటను నాకు తోచిన శ్రుతిలో పాడమన్నారు, రెండుసార్లు విన్నారు, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నానో కాగితం మీద గీతలు పెట్టుకున్నారు. తరవాత చూపిస్తే, మాట మధ్యలో పదకొండుచోట్ల ఊపిరి పీల్చాను. నా వయసువారికి ఊపిరి నిలవదు కాబట్టి గంట పాఠాన్ని వారానికి రెండు అరగంటలుగా మార్చారు. ఇంట్లో కూడా ఒక్కబిగిన గంట కాకుండా ఇరవై నిమిషాల చొప్పున రెండు పూటలా చేయమన్నారు. ఆ పాప ఇప్పుడు కీర్తనలు పాడుతోందని విన్నాను, నేను రెండో గీతంలో ఉన్నాను, మా ఇద్దరికీ ఫిర్యాదు లేదు.

రెండు_గూళ్ల_కోయిల
అరవైరెండు గారు చెప్పిన ఆ మొదటి పాఠమే నా దృష్టిలో అసలు పరీక్ష. ఉపాధ్యాయుడికి ఎన్ని శైలులు వచ్చో అడగడం కన్నా, నా గొంతును ఎంతసేపు విన్నాడో చూసుకోవడం మేలు. వీణ నేర్పేవారికి వీణ కళ్లెదుట ఉంటుంది, గాత్రం నేర్పేవారికి వాద్యం శిష్యుడి మెడలో దాగి ఉంటుంది. మనుయెల్ గార్సియా అనే గాన గురువు ఆ కష్టం పడలేకే 1854లో పళ్ల వైద్యుల చిన్న అద్దాన్ని గొంతులోకి పెట్టి, ఎండను మరో అద్దంతో మళ్లించి, పాడుతున్నప్పుడు తన స్వరతంత్రులు ఎలా కదులుతాయో తానే చూసుకున్నాడు. ఈనాడు వైద్యులు గొంతు చూసే పద్ధతికి అదే మొదలు. అద్దం లేని మనకు మిగిలింది వినడమే. పాఠాన్ని రికార్డు చేసుకోండి. పాడుతున్నప్పుడు మన గొంతు మనకు పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది కాబట్టి లావుగా, నిండుగా అనిపిస్తుంది. రికార్డులో విన్నదే ఇతరులు వింటున్న గొంతు. మొదటి వారం భరించలేరు, తరవాత అదే మీ రెండో గురువు అవుతుంది.

తలుపు_వేసుకుని
నాకు ఆన్‌లైన్ పాఠమే గతి. గురువు గారు తనతో పాటు పాడమంటారు, నేను పాడితే వెనకబడుతున్నానంటారు. నా దగ్గర శ్రుతి పెట్టె మోగుతూనే ఉన్నా ఆయనకు వినిపించడం లేదట. నా లయ అంత చెడ్డదా?

మైకు_ముందు
మీ లయ చెడ్డదో మంచిదో ఇలా తెలియదు. మీ గొంతు ఆయనను చేరి ఆయన గొంతు మిమ్మల్ని చేరేసరికి సెకనులో పదో వంతు గడిచినా ఇద్దరూ కలిసి పాడటం అసాధ్యం, అందుకే ఆయన పాడి ఆపాక మీరు పాడాలి. శ్రుతి పెట్టె సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మాట్లాడుకోవడానికి చేసిన ఈ సాధనాలు ఆగకుండా మోగే ఏ శబ్దాన్నైనా ఫ్యాను హోరుగా భావించి తీసేస్తాయి, తంబురా వాటి లెక్కలో ఫ్యానే. జూమ్‌లో అయితే అసలు శబ్దాన్ని మార్చకుండా పంపే ఎంపిక ఉంది, దాన్ని పెట్టి చెవులకు తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు తగిలించుకోండి. తీగ లేనివి ఇంకొంత ఆలస్యాన్ని కలుపుతాయి.

చెవి_కోసుకుంటాను
మా ఇంట్లో నా ఆలాపనను కూడా ఫ్యాను కింద జమకట్టి ఎవరో తీసేస్తున్నారు, ఆ ఎంపిక ఎక్కడ ఉందో చెప్పగలరా?

ఆలస్యంగా_ఆలాపన
మూడు వారాల తరవాత తిరిగి రాస్తున్నాను. వైద్యం గారి పద్ధతి ప్రకారం వారం రోజులు చూసుకుంటే నాకు నాలుగు శ్రుతి సరిపోతుందని తేలింది. దాన్ని మా ఉపాధ్యాయురాలికి చెప్పడానికి మరో వారం ధైర్యం కూడగట్టుకున్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, తన గురువుదీ ఐదున్నరే కాబట్టి తాను కూడా దానిలోనే పెరిగానని, తన గొంతుకు అది సరిపోవడంతో వేరే శ్రుతి గురించి ఆలోచించే అవసరం ఎప్పుడూ రాలేదని చెప్పారు. నన్ను అక్కడే పాడమని, మొదటిసారిగా తాను పాడకుండా చివరిదాకా విన్నారు.

నాలుగులో పై షడ్జం మీద నిలబడి ఊపిరి అయిపోయేదాకా ఆగగలుగుతున్నాను. బొంగురు రాలేదు. అయితే నాలుగో కాలం గారి అనుమానం పూర్తిగా తప్పు కాదని ఒప్పుకోవాలి. బిగుతు పోయాక, అంతవరకు దాని చాటున దాగిన లోపాలన్నీ బయటపడ్డాయి. నా నిషాదం (ని) కిందికి జారుతోంది, రెండో కాలంలో జంట స్వరాల నొక్కు పోతోంది. ఎనిమిది నెలలుగా నేను గొంతుతో పోట్లాడుతుంటే ఇవి ఎవరికీ వినిపించలేదు. కాబట్టి ఇంగ్లీషు పాటను ప్రస్తుతానికి పక్కన పెట్టి, సోమవారాలూ గురువారాలూ అలంకారాలకే ఇచ్చి, చివరి పది నిమిషాలు మాత్రం ఒక సినిమా పాటను ట్రాక్ స్థాయి దించుకుని పాడాలని ఇద్దరం అనుకున్నాం. శ్రుతి పెట్టె పక్కన ఇప్పుడు ఒక చీటీ ఉంది, శిష్యులందరి పేర్లూ వాటికి ఎదురుగా శ్రుతులూ రాశారు. ఆ అబ్బాయిది రెండు.

ఒక కొత్త చిక్కు వచ్చింది. నా శ్రుతిలో తగ్గుస్థాయి వరసలు, అంటే కింది స్థాయికి దిగే అభ్యాసాలు, పాడి చూపించబోతే మంద్ర పంచమం దగ్గర ఆవిడ గొంతు అందక దగ్గు వస్తోంది. దీనికి ఏం చేయాలి?

నాలుగో_కాలం
సాధన చాలలేదని చెప్పండి.